నారి మీద చెయ్యి

కొండవీటి కొండల కిందికి జారే ఈ దిగుడులో, రెండు చేతులూ వదిలేసి, బ్రేకుల్లేని సైకిలు మీద బస్సుని ఓడించినవాణ్ణి నేను. ఆ బస్సు తారు రోడ్డు మీద చుట్టు తిరిగి వచ్చేసరికి నేను ఊళ్ళో దిగి, కాళ్ళు కడుక్కుని, రెండో గ్లాసు మజ్జిగ మొదలుపెట్టాను.

మొన్న ఆదివారం ఈ మాట నలుగురు సైకిలు పిల్లలతో అన్నాను. పిల్లలంటే ముప్ఫై ఏళ్ళ వాళ్ళే. నా వయసుకి అందరూ పిల్లలే. గుంటూరు నుంచి కారులో వచ్చారు. సైకిళ్ళని కారు నెత్తిన కట్టుకొచ్చారు. తలలకి గిన్నెలు బోర్లించుకుని, ఒంటికి అంటుకుపోయిన లాగులు వేసుకుని మా అరుగు ముందు ఆగారు. వాళ్ళలో ఒకమ్మాయి మర్యాదగా, లారీలూ బస్సులూ రాని గరుసు రోడ్డు ఎటు పోతే దొరుకుతుందండీ తాతగారూ అని అడిగింది. మా కాలంలో అటు లారీ ఏదైనా పోతుందా, ఎక్కించుకుంటాడా అని అడిగేవాళ్ళం. సరే, దారి చెప్పాను. చెప్పి ఊరుకోవచ్చు గదా, బస్సు సంగతి కూడా చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఒకతను ఫోటో తీసుకున్నాడు.

మెరక ఎక్కి, గంట తరవాత దిగి వచ్చారు. చివరి కుర్రాడి సంచికి పట్టీ ఒకటి ఊడినట్టుంది. దిగుడులో గాలికి బిగుసుకుని జుమ్మని మోగింది. సైకిలు జోరందుకునే కొద్దీ ఆ మోత సన్నబడి, మా ఇంటి ముందుకు వచ్చేసరికి తీగ సాగినట్టు సాగింది. వంటింట్లో బియ్యం కడుగుతున్న మా ఆవిడ తడి చేతులతో గుమ్మంలోకి వచ్చి, మెరక వైపు చూసింది. లాగుల పిల్లల్ని చూసి లోపలికి పోయింది. ఆ మోత విని ఇద్దరికీ యాభై ఏళ్ళు దాటింది.

పైన పేరు చూసి ఎవరూ తొందరపడకండి. నారి అంటే మా తెలుగు మాస్టారు చెప్పిన రెండు అర్థాల్లో ఒకటి ఆడమనిషి. నేను రాసేది రెండోది, వింటికి బిగించే తాడు. ఆ విల్లు రాముడిదీ కాదు, అర్జునుడిదీ కాదు. దూదేకే విల్లు.

ఆయన దూదేకుల సాయిబు. పేరు రాయను. సగం మా దేవుడిదీ సగం వాళ్ళ దేవుడిదీ కలిసిన పేరు. పూర్తిగా పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. కొండ కింద ఊళ్ళలో ఆడవాళ్ళు దూది బాబాయి అనేవాళ్ళు. నేనూ బాబాయ్ అనే అన్నాను. కనుబొమల మీద, గడ్డంలో, చెవుల వెంట్రుకల్లో ఎప్పుడూ దూది పింజలు ఉండేవి. వయసెంతో నాకు తెలియదు. దులుపుకుంటే నలభై, దులుపుకోకపోతే డెబ్భై.

విల్లు ఆయనకంటే పొడుగు. దాన్ని సైకిలు నడిమి కడ్డీకి కట్టేవాడు. వెనక కొస క్యారియరు దాటి తోకలా నిలిచేది. అందుకని అందరిలా వెనకనుంచి కాలు తిప్పి ఎక్కడం కుదరదు. పంచె పైకి దోపి, ముందునుంచి, పడుకున్న దూడని దాటినట్టు జాగ్రత్తగా కాలు దాటించేవాడు. బెల్లు ఉండేది కాదు. విప్పి అల్లుడి సైకిలుకి ఇచ్చేశాడట. ఒక బండికి రెండు నోళ్ళెందుకు అనేవాడు. బ్రేకు కావలిస్తే చెప్పు కాలు ముందు టైరు మీద పెట్టేవాడు. అందుకని ఎడమ చెప్పుకంటే కుడి చెప్పు ముందు అరిగేది. చెప్పులు కుట్టేవాడితో ఒక్క చెప్పుకి బేరమాడేవాడు.

నేనప్పుడు పేటలో, అంటే చిలకలూరిపేటలో, ఒక జిన్నింగు మిల్లులో పని చేస్తున్నాను. పత్తి తీతల ముందు ఊళ్ళు తిరగాలి. చేలో కాయ తుంచి, పింజె రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి, ఎవరి పత్తి ఎలా ఉందో మిల్లులో చెప్పాలి. మిల్లువాళ్ళు సైకిలిచ్చారు. సైకిలిచ్చిన వాళ్ళు మా నేల సంగతి మరిచిపోయారు. నల్లరేగడి డొంక. చేల మధ్య బండ్లు నడిచే ఆ బాట, వాన పడితే పిసికిన పిండి. నాలుగు చుట్లు తిరిగేసరికి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి కూరుకుపోయి చక్రం నిలిచిపోయింది. పుల్లతో గీకాను. మళ్ళీ నిలిచింది. చివరికి సైకిలు భుజానికెత్తుకుని నడుస్తున్నాను. డొంక పైన, కొండ వారగా, ఎర్రటి గట్టు మీద ఎవరో హాయిగా తొక్కుకుంటూ పోతూ నన్ను చూసి ఆగారు.

"ఎండాకాలం అది మనల్ని మోసిద్ది, వానాకాలం మనం దాన్ని మోస్తాం. చెల్లుకు చెల్లు," అన్నాడు దూది బాబాయి పైనుంచి. "గరుసు మీదికి రా అబ్బాయ్. కిందున్నది సైకిళ్ళు పండే నేల కాదు."

ఆ గరుసు బాట నాకు అలా పరిచయమైంది. యడ్లపాడు దగ్గర పెద్ద రోడ్డు వదిలి కొండల వైపు తిరిగితే, కొండ పాదాన్ని పట్టుకుని ఎక్కుతూ దిగుతూ ఊరూరూ తాకుతూ పోతుంది. చాంతాడులా సాగుతుంది, కొండవీటి చాంతాడు మరి. వాన పడితే బురద కాదు, కడిగినట్టవుతుంది. చక్రాల కింద ఎర్ర గులకలు పేలాలు వేగినట్టు చిటపటలాడేవి. బండ్లు నడిచి నడిచి రెండు గాడులు పడ్డాయి. ఒకటి ఆయనది, ఒకటి నాది. పక్కపక్కనే తొక్కుతూ మాట్లాడుకోవచ్చు. ఎదురొచ్చేది మేకల మంద, లేకపోతే పొగాకు బేళ్ళ బండి. బండివాడు నిద్రపోతూ ఉంటే ఎద్దులే తప్పుకునేవి. ఎడమ చేతి వైపు కొండ, కుడి చేతి వైపు కింద కనబడినంత దూరం పత్తి, మిరప. కల్లాలు ఎర్రబడే రోజుల్లో ఆ పైనుంచి చూస్తే నేలకి కుంకుమ ఆరబోసినట్టుండేది. గాలి ఇటు తిరిగితే ఇద్దరం ఒకేసారి తుమ్మేవాళ్ళం.

ప్రతి ఏడూ కల్లంలో ఆగి ఒక ఎండు మిరపకాయ అడిగి తీసుకునేవాడు. జొన్నరొట్టెతో నమిలి, కళ్ళవెంట ధారలు కారుతుంటే, ఈ ఏడు చప్పగా ఉన్నాయి అనేవాడు. ఏ ఏడూ ఆయనకి కారం తగల్లేదు.

తారు రోడ్డెక్కేవాడు కాదు. గుంటూరు పోవలసివచ్చినా కొండ చుట్టే తిరిగి పోయేవాడు. భయమా అని ఒకసారి ఎగతాళి చేశాను. లారీ గాలికి నిలబడే సరుకు దూది కాదు అబ్బాయ్ అన్నాడు. సరుకు సంగతి చెప్పాడో తన సంగతి చెప్పాడో తెలియలేదు.

ఇంకో అలవాటు. మెరక మీదికి చేరగానే ఎంత పనున్నా దిగేవాడు. సైకిలుని చింతచెట్టుకి ఆనించి, వెనక్కి తిరిగి, ఎక్కి వచ్చిన బాటంతా కింద మెలికలు పడి ఉంటే చూసేవాడు. చూసి, ఎవరో చేసిన పనిని మెచ్చుకున్నట్టు, "ఇదంతా మనమేనా అబ్బాయ్?" అనేవాడు. మనమే బాబాయ్ అంటే నమ్మలేనట్టు తలాడించేవాడు. ప్రతిసారీ అడిగేవాడు. నేను ప్రతిసారీ చెప్పేవాణ్ణి.

ఇక అసలు సంగతి. మెరక ఎక్కేటప్పుడు అందరం దిగి సైకిలు నడిపిస్తాం, దిగేటప్పుడు ఎక్కి జారతాం. ఆయన చాలాసార్లు దిగుడులో నడిచేవాడు. కుడిచేత్తో హ్యాండిలు, ఎడమచెయ్యి నారి మీద. పిచ్చివాడనుకున్నాను. అడిగితే చెప్పాడు. ఆ నారి నరంతో చేసింది. దిగుడులో గాలి తగిలితే దానంతటదే మోగుతుంది. మోత విని కొండ కింద ఊళ్ళో ఆడవాళ్ళు దిండ్లు, పరుపులు పట్టుకుని గుమ్మాల్లోకి వస్తారు. వచ్చినవాళ్ళని దాటిపోవడం ఆయనకి చేతకాదు. నారి పలికిందంటే మాటిచ్చినట్టే. ఆ గుమ్మం ముందు ఆగి ఒక్క దిండైనా ఏకాలి. అందుకని వేరే ఊళ్ళో పని ఉన్న రోజున చెయ్యి వేసి పట్టుకుని, చప్పుడు లేకుండా దాటిస్తాడు. దానికి నడవడమెందుకు, గుడ్డ చుట్టొచ్చు గదా అన్నాను.

"గుడ్డ చుడితే నోరు కట్టినట్టు," అన్నాడు. "చెయ్యేస్తే బుజ్జగించినట్టు."

నారి పలికిన రోజుల్లో ఈ దిగుడు చివర మొదటి ఇంటి గుమ్మంలోకి ఒక దిండు వచ్చేది. దిండుతో పాటు ఒకమ్మాయి వచ్చేది. ఆయన అరుగు పక్కన విల్లు వేలాడదీసుకుని కూర్చునేవాడు. చెక్క గుండుతో నారిని కొడితే టంగు టంగుమని దూది ఎగిరి, ఆ వాకిలంతా తెల్లబడేది. నేను మిల్లు పని మీద వచ్చినట్టు మొహం పెట్టుకుని, వాళ్ళ నాన్న పత్తి చూస్తూ, కనుకొసల్లోనుంచి మిగతాది చూసేవాణ్ణి. ఆ అమ్మాయి నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మళ్ళీ వారం అదే దిండు. బాబాయి దాన్ని నొక్కి చూసి, ఇంకా ఏకితే ఇది మబ్బై కొండెక్కిద్ది తల్లీ అనేవాడు. ఆ అమ్మాయి నవ్వేది కాదు. ఏకేవాడు. తలగడ సరిగ్గా వాడుకోవడం చేతకాని పిల్ల అనుకున్నాను. అయినా బాగుందనుకున్నాను.

అలా ఒక పంట గడిచింది. రెండో పంటలో, మిరప కోతలప్పుడు, ఒకరోజు మెరక మీద ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. ఇదంతా మనమేనా అని అడగలేదు. చింతచెట్టు కింద కూర్చుని, నా వంక చూడకుండా అన్నాడు.

"ఆ మొదటింటి వాళ్ళు జంట పరుపు చెప్పారబ్బాయ్."

మా వైపు వాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు. ఒంటి పరుపు ఎవరికైనా ఏకిస్తారు, ముసలివాళ్ళకి, జబ్బు మనిషికి. ఎదిగిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో జంట పరుపు చెప్పారంటే సంబంధం కుదిరినట్టే. పరుపు ఏకి, కుట్టి, మడత పెట్టిన రోజున ఇక ఆ పెళ్ళి ఆగదు. ఎవరట అని అడిగాను. మనకెందుకు, దూది ఏకడమే మన పని అన్నాడు. అప్పుడు నేను అడిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. చదువుకున్నవాణ్ణి, మిల్లులో కుర్చీలో కూర్చునేవాణ్ణి, ఆయన ఎడమచెయ్యి పట్టుకుని, బాబాయ్, నువ్వా ఇంటి ముందు నారి మీద చెయ్యి తియ్యొద్దు అన్నాను.

గడ్డంలో పింజె ఒకటి తీసి ఊది, సరే పద అన్నాడు.

ఆ రోజునుంచి ఆయన ఈ దిగుడంతా నడిచే దిగాడు. ముందు ఆయన, వెనక నేను, రెండు సైకిళ్ళూ నడిపించుకుంటూ, దొంగసొత్తు మోస్తున్నట్టు. గాలి ఎంత విసురుగా వచ్చినా నారి పలకలేదు. అయినా ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడే ఉండేది, దిండు పట్టుకుని. మేము తల వంచుకుని దాటిపోయేవాళ్ళం. పరుపు పని వాయిదా పడుతున్నది. ఒక్కో వారం పెళ్ళిని వెనక్కి నెడుతున్నాననుకుని మురిసిపోయాను. ఆ తరవాత ఏం చెయ్యాలో మాత్రం ఆలోచించలేదు.

కల్లాలు ఖాళీ అవుతున్న రోజుల్లో ఒకనాడు మెరక మీద తన అరచెయ్యి నా ముందు పెట్టాడు. నరం ఒరుసుకుని వేళ్ళ మీద గీతలు పడ్డాయి.

"నా చెయ్యి అరిగిపోతంది. నీ నోరు మాత్రం చెక్కు చెదర్లా," అన్నాడు. "ఇవాళ వదిలేస్తున్నా."

"బాబాయ్, ఒక్క వారం."

"ఎన్ని వారాలు పట్టుకుంటావబ్బాయ్? ఇది నారి. పలకటానికే పుట్టింది."

పంచె దోపి, దూడని దాటినట్టు దాటి, ఎక్కి వదిలేశాడు. ఆ మోత వర్ణించడం నా వల్ల కాదు. మొదట తుమ్మెద, తరవాత తంబురా, మలుపు తిరిగేసరికి కొండ కూడా అందుకున్నది. ఎగిరే పంచె, వెనక నిటారుగా విల్లు కొస, ఎర్రటి దుమ్ము. ఆయన వెనకే నేను. మొదట్లో చెప్పిన దిగుడు ఇదే.

ఇప్పుడు కాస్త సర్దుకుంటాను. రెండు చేతులు వదిలేశానన్నాను. నేను వదల్లేదు, రెండు చేతులతోనూ హ్యాండిలుని బావిలో పడ్డవాడు తాడు పట్టుకున్నట్టు పట్టుకున్నాను. బ్రేకుల్లేనిది ఆయన సైకిలు. నా దానికి రెండూ ఉన్నాయి, రెండూ నొక్కాను. ఇక బస్సు సంగతి. ఆ రోజుల్లో మా వైపు బస్సే లేదు. లేని బస్సుని ఎవడైనా ఓడిస్తాడు. మజ్జిగ మాత్రం నిజం.

మజ్జిగ ఇచ్చింది ఆ అమ్మాయి నాన్న. గ్లాసు చేతికిచ్చి, ఏమయ్యా ఇలా వచ్చావు అన్నాడు. ఇన్నాళ్ళూ నేను ఈ కథ చెప్పినప్పుడల్లా ఇక్కడ ఒక పెద్ద ఉపన్యాసం పెట్టేవాణ్ణి. నిజానికి నా నోట వచ్చింది ఒక్క ముక్క.

"మీ పత్తి బాగుందండీ."

పత్తి తీతలు అయిపోయి అప్పటికి నెల దాటింది. చేలో మోళ్ళున్నాయి. ఆయన మోళ్ళ వంకా నా వంకా చూశాడు. అరుగు పక్కన బాబాయి చెక్క గుండు కింద పెట్టాడు.

"ఆ అబ్బాయి అడిగేది పత్తి కాదులే పెదబాబూ," అన్నాడు.

తరవాత పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు. ఇంటిపేర్లు కలిపి చూసుకున్నారు, అడ్డమేమీ రాలేదు. ఆ వేసవిలోనే మా పెళ్ళయింది. జంట పరుపు బాబాయే ఏకాడు, ఈ వాకిట్లోనే. నాకోసం ఒక సంబంధాన్ని చేత్తో పట్టి ఆపిన మనిషి అని ఊరంతా చెప్పుకున్నాను. ఆయన ముందే చెప్పేవాణ్ణి. ఆయన కాదనేవాడు కాదు, అవుననేవాడు కాదు. గడ్డంలో పింజె వెతుక్కునేవాడు.

మిల్లు మానేసి ఈ అత్తవారింట్లోనే ఉండిపోయి నాలుగెకరాల మిరపలో పడ్డాను. గరుసు మీద ఆయనతో పోవడం తగ్గింది. వారానికోసారి, తరవాత పండక్కీ పబ్బానికీ. అరవైల చివర్లో కొండకి క్వారీ పడింది. గులకల మీద కంకర పోశారు, కంకర మీదికి లారీలొచ్చాయి. రెండు గాడులూ చెరిగిపోయాయి.

ఆయన్ని చివరిసారి చూసింది ఈ ఇంటి ముందే. సైకిలు నడిపించుకుంటూ బాట వారగా వస్తున్నాడు. పక్కనుంచి రాళ్ళ లారీ ఒకటి దూసుకుపోయింది. ఆ గాలికి నారి ఒక్కసారి గట్టిగా మోగింది. ఆయన అలవాటుగా ఆగాడు. ఈ వరస ఇళ్ళ గుమ్మాలన్నీ చూశాడు. ఎవరూ బయటికి రాలేదు. అప్పటికే సగం ఇళ్ళల్లో పేట నుంచి కొన్న మిల్లు దూది పరుపులు. మా ఆవిడ పొరుగూళ్ళో చుట్టాల పెళ్ళికి పోయింది.

"నేను పలికించలా అబ్బాయ్, అదే పలికింది," అన్నాడు, నేనేదో తప్పు పట్టినట్టు. "అయినా పలికింది గదా. ఏదైనా దిండుంటే పట్రా."

మా పడకలో దిండు తెచ్చి ఇచ్చాను. ఏకాడు. లారీ దుమ్ములో ఏకాడు. లేచి, మెరక వైపు తిరిగి కాసేపు చూశాడు. అడుగుతాడేమోనని ఎదురుచూశాను. అడగలేదు. ఎడమచెయ్యి నారి మీద వేసి వెళ్ళిపోయాడు. ఆయన పోయిన సంగతి మట్టి చేసిన తరవాత గాని నాకు తెలియలేదు. విల్లు ఏమైందో ఎవరూ చెప్పలేకపోయారు.

ఇప్పుడు కొండ అవతల వైపు పాత గరుసు ఒక ముక్క మిగిలింది. ఆ పిల్లలకి చెప్పిన దారి అదే. పోయిన ఏడు కర్ర పట్టుకుని ఆ మెరక దాకా నడిచాను. వెనక్కి తిరిగి చూశాను. ఇదంతా మనమేనా అని నేనే అడిగి, మనమే అని నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. బాగాలేదు.

ఇంతవరకూ రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. మిరపకాయల తొడిమలు తుంచుతూ ఆసాంతం విన్నది.

"ఆరోజు మీరు తొక్కుకుంటూ రాలా. నడిపించుకుంటూ వచ్చారు," అన్నది. "మీరొచ్చేసరికి ఆయన సగం దిండు ఏకేశాడు."

సరే, అది దిద్దుతాలే అన్నాను.

"జంట పరుపు ఎవరూ చెప్పలా. మా ఇంట్లో సంబంధమూ లేదు, ఏమీ లేదు. అలా చెప్పమని ఆయన్ని అడిగింది నేను."

కలం కింద పెట్టాను. మరి ఇన్నేళ్ళూ ఆయన నాకు ఎందుకు చెప్పలేదన్నాను.

"నేనొద్దన్నాను." చేతిలో కాయ తొడిమ తుంచి చాటలో వేసింది. "రెండు పంటలు ఒకటే దిండు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. తలగడ వాడుకోవటం రాని పిల్లనా నేను? ఆయనకి రెండో వారమే తెలిసింది."